తలకు మూడు తలలు

మా ఇంజనీరింగ్ కాలేజీ పూర్వ విద్యార్థుల సంఘం, హైదరాబాద్ పడమటి ప్రాంతీయ శాఖ, సంయుక్త కార్యదర్శి హోదాలో ఇది రాస్తున్నాను. హోదా ముందే చెప్పుకోవడం ఎందుకంటే, పదవి వచ్చిన ఉత్సాహంలో రెండు వందల విజిటింగ్ కార్డులు కొట్టించాను. ఇప్పటికి ఏడు ఖర్చయ్యాయి. అందులో రెండు మా ఆవిడ పాల లెక్క రాసుకోవడానికి వాడింది.

ఈ మధ్య కొందరు గిట్టనివాళ్ళు, వాళ్ళూ మా బ్యాచ్ వాళ్ళే, ఈ సంఘం తినడం తాగడం తప్ప ఏం చేసింది అని అడుగుతున్నారట. నా ఎదురుగా అడగలేదు. అడిగుంటే చెప్పేవాణ్ణి, తాగడం అనేది సంఘం ఖాతాలో లేదనీ అది ఎవరి ఖర్చు వాళ్ళదేననీ. అయినా ఇలాంటి అపోహలు ముందు తరాలకు అందకూడదు కాబట్టి, మేం చేసిన సేవంతా ఒకచోట రాసి పెడుతున్నాను.

ముందు పుట్టుక సంగతి. కాలేజీ మీద ప్రేమలోంచి ఈ సంఘం పుట్టిందని సావనీర్‌లో రాసుకున్నాం గానీ, అసలు పుట్టింది న్యాక్ లోంచి. న్యాక్ అంటే కాలేజీల నాణ్యత తూచే జాతీయ సంస్థ, అప్పట్లో వాళ్ళు కాలేజీకి గ్రేడు ఇవ్వడానికి ఏడు ప్రమాణాలు చూసేవాళ్ళు. ఐదోదాని కింద, పూర్వ విద్యార్థులకు రిజిస్టరయిన సంఘం ఉందా, వాళ్ళు కాలేజీకి ఏమన్నా ఇచ్చారా అని అడిగేవాళ్ళు. ఆ కాగితం చూశాకే మా కాలేజీకి తన దగ్గర చదివినవాళ్ళు కొందరు ఇంకా బతికే ఉన్నారని గుర్తొచ్చింది. నేను 1998లో మెకానికల్లో చేరి 2002లో బయటపడ్డాను. ఆ తర్వాత పదిహేనేళ్ళ పాటు కాలేజీ నుంచి నాకు ఒక్క ముక్క రాలేదు. ఉన్నట్టుండి ఒకరోజు ‘ప్రియమైన పూర్వ విద్యార్థీ’ అంటూ మెసేజీ వచ్చింది. కాలేజీలో ఉన్న నాలుగేళ్ళూ నన్నెవరూ ప్రియమైన అన్న పాపాన పోలేదు, అందుకని ఏం రాసుందో చదవకుండానే సంతకం పెట్టి పంపించాను.

2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం సంఘం పెట్టడానికి ఏడుగురుంటే చాలు. మాకు గౌరవాధ్యక్షుడు, ముఖ్య సలహాదారులతో కలిపి పదకొండు పదవులు తేలాయి. అంటే పుట్టిన రోజునే నలుగురు సభ్యుల కొరత. ఆ నలుగురినీ పదవులు ఆశ చూపి తెచ్చుకున్నాం. మామూలు సభ్యుడు అనేవాడు మా సంఘంలో చేరడానికి ఇంకో రెండేళ్ళు పట్టింది. అతను కూడా చేరిన ఆర్నెల్లకే ఆడిటర్ అయిపోయాడు.

హైదరాబాద్‌కి మొదట ఒకటే శాఖ ఉండేది. మీటింగులన్నీ కొండాపూర్‌లోనే పెడుతున్నారనీ, ఇడ్లీ తినడానికి ఆ చివర్నించి ఈ చివరికి రావాలా అనీ ఎల్బీనగర్ వైపు వాళ్ళు గొడవ పడ్డారు. పెద్దమనుషులు కూర్చుని మెట్రో మ్యాపు ముందేసుకుని ఎర్ర లైను మధ్యలో గీత గీశారు. అమీర్‌పేట నుంచి మియాపూర్ దాకా పడమటి శాఖ, అటు ఎల్బీనగర్ దాకా తూర్పు శాఖ. నగరమంతా అమీర్‌పేటలో కలుస్తుంది, మేం మాత్రం అక్కడే విడిపోయాం. సరిగ్గా అమీర్‌పేటలోనే కాపురం ఉండే ఇద్దరు సభ్యులు మీరు వాళ్ళ శాఖ కదా అంటూ రెండు వైపులా చందా ఎగ్గొట్టి హాయిగా బతుకుతున్నారు. సంఘంలో నాకు నిజంగా గౌరవం ఉన్నది ఆ ఇద్దరి మీదే.

ఇక కార్యక్రమాలు. ఏడాదికొకసారి మొయినాబాద్ వైపు ఏదో ఒక ఫామ్‌హౌస్‌లో ఆత్మీయ సమ్మేళనం ఉంటుంది. పదింటికని పిలుస్తాం, పన్నెండింటికి మొదలవుతుంది, స్వీయ పరిచయాలు మధ్యాహ్నం మూడింటి దాకా సాగుతాయి. ఒక్కొక్కరికి ఒక్క నిమిషమే అని మైకులో ఐదు నిమిషాల సేపు చెప్తాడు మా కార్యదర్శి. పరిచయం అంటే పేరూ బ్యాచీ అనుకునేరు, అలా చెప్పేది ఉద్యోగం పోయినవాళ్ళే. మిగతావాళ్ళు తెల్లాపూర్‌లో విల్లా ఎన్ని గజాల్లో ఉందో, అమెరికాలో ఉన్న బావమరిది గ్రీన్ కార్డు ఏ సంవత్సరం దగ్గర ఆగిందో అన్నీ చెప్తారు. ఆ తర్వాత సన్మానం. అటెండెన్స్ తక్కువైందని నన్ను ఒక ఏడాది డిటెయిన్ చేసే దాకా తీసుకెళ్ళిన లెక్చరర్ గారికి నా చేత్తోనే శాలువా కప్పించారు. ఆయన నన్ను గుర్తుపట్టలేదు. ‘నువ్వు ఈసీఈ కదూ, నీ తెలివితేటలు నాకప్పుడే తెలుసు’ అన్నారు. మెకానికల్ సార్ అందామనుకున్నాను గానీ, నా తెలివితేటల మీద ఉన్న ఒకే ఒక్క సాక్ష్యం పోగొట్టుకోవడం ఇష్టంలేక ఊరుకున్నాను.

విరాళాల విషయంలో కూడా మమ్మల్ని తక్కువ చేసి మాట్లాడుతున్నారు. 2024 ఆగస్టులో ఐఐటీ మద్రాసుకి అక్కడి పూర్వ విద్యార్థి కృష్ణ చివుకుల 228 కోట్లు ఇచ్చారు. అంతకు ముందు ఏడాది నందన్ నీలేకని ఐఐటీ బాంబేకి 315 కోట్లు ఇచ్చారు. ఈ వార్తలు చదివి, కాలేజీ నడిపే మా కరస్పాండెంట్ గారికి రెండు రాత్రులు నిద్ర పట్టలేదట. మూడో రోజు పొద్దున మా అధ్యక్షుడికి ఫోన్ చేసి, మనవాళ్ళ సంగతేంటి అని అడిగారు. మేం అత్యవసర సమావేశం పెట్టుకుని, మూడు గంటలు చర్చించి, రెండు శాఖలూ కలిపి ఒక వాటర్ కూలర్ ఇచ్చాం. మంచినీళ్ళ దానం అన్నిటికన్నా గొప్పదని మన పెద్దలు చెప్పనే చెప్పారు కాబట్టి, ధర్మశాస్త్రం లెక్కన మేం ఐఐటీ వాళ్ళకేం తీసిపోం. దాతల పేర్లకి నల్ల గ్రానైట్ పలక చేయించాం. అది కూలర్ కన్నా ఎత్తుగా వచ్చింది. తూర్పు శాఖ వాళ్ళు ఒకసారి, మేం ఒకసారి, ఇద్దరూ చేశారు కదా అని కరస్పాండెంట్ గారు ఇంకోసారి రిబ్బన్ కత్తిరించారు. మూడు ప్రారంభోత్సవాలు జరిగినా అందులోంచి నీళ్ళు రాలేదని ఎవరో పుకారు పుట్టించారు. నీళ్ళు వచ్చాయి, చల్లగా రాలేదు, అంతే.

ఇదంతా ఒక ఎత్తు. 2025 వేసవిలో మాకప్పగించిన పని ఒక ఎత్తు.

విషయం ఏంటంటే మా కాలేజీలో సీట్లు నిండడం లేదు. ఉమ్మడి రాష్ట్రంలో ఒకప్పుడు ఇంజనీరింగ్ కాలేజీలు ఏడు వందల దరిదాపుల్లో ఉండేవి. బోరు వేస్తే నీళ్ళు పడతాయో లేదో తెలియని పొలాల్లో కూడా కాలేజీలు పడ్డాయి. 2008లో ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చాక పిల్లల కోసం వెతుక్కునే పని కూడా తగ్గింది. తర్వాత ఒక్కొక్కటే మూతపడుతూ వచ్చాయి. ఇప్పుడేమో ఊళ్ళో ఏ పిల్లాణ్ణి అడిగినా కంప్యూటర్సే కావాలంటాడు, అదీ హైదరాబాద్ చుట్టుపక్కలే కావాలంటాడు. దానికి తగ్గట్టు ఒక బ్రాంచిలో ఇన్ని సీట్లకు మించకూడదన్న పరిమితిని, సాంకేతిక విద్య వ్యవహారాలు చూసే ఏఐసీటీఈ 2024-25 నుంచి ఎత్తేసింది, పేరున్న కాలేజీలు కంప్యూటర్ సీట్లు పెంచమని వరస కట్టాయి. జాతీయ రహదారి పక్కన, దాబాకీ పెట్రోల్ బంకుకీ మధ్యలో ఉన్న మా కాలేజీ ఏం కావాలి? నేను చదివిన మెకానికల్ బ్రాంచిలో కిందటేడు పిల్లల కన్నా లేత్ మిషన్లు ఎక్కువున్నాయి. అందుకని దాన్ని సగానికి కోసి, ఆ సీట్లకి ఏఐ, ఎంఎల్ అని పేరు మార్చారు. థర్మోడైనమిక్స్ చెప్పే సార్లు ఐదు రోజుల ట్రైనింగ్‌కి వెళ్ళి కృత్రిమ మేధ నేర్చుకుని వచ్చారు. ఐదు రోజుల్లో ఎలా నేర్చుకున్నారని మీరు నవ్వచ్చు. నేను నవ్వను. మెకానికల్ డిగ్రీ చేతిలో పట్టుకుని అమీర్‌పేటలో తొంభై రోజుల్లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ నేర్చుకున్నవాణ్ణి నేను, ఆ ముద్దే ఇప్పటికీ తింటున్నాను.

పేరు మార్చినా సీట్లు నిండలేదు. పిల్లల్ని తెచ్చిపెట్టే పీఆర్వోలకి తలకింత అని ఇచ్చే కమీషన్ భారమైపోతోంది. ఎండల్లో ఇల్లిల్లూ తిరగమంటే లెక్చరర్లు మొహమాటం లేకుండా ఉద్యోగాలు మానేస్తున్నారు. అలాంటి సమయంలో కమీషన్ అడగని, జీతం అడగని, పైగా తిరిగి చందా కూడా కట్టే ఒక జాతి ఈ భూమ్మీద ఉందని కరస్పాండెంట్ గారికి తట్టింది. మాకు టార్గెట్ వచ్చింది. తలకు ముగ్గురు. ‘ఈచ్ వన్ బ్రింగ్ త్రీ’ అని బ్యానర్ కూడా కట్టారు. నాన్నగారు పోయారని మెసేజీ పెడితే ఓంశాంతి అనడానికి సాయంత్రం దాకా ఆలోచించే మా గ్రూపులో, ఆ రోజు ఐదు నిమిషాల్లో నలభై బొటనవేళ్ళు లేచాయి.

శిక్షణ ఒక ఆదివారం గూగుల్ మీట్‌లో జరిగింది. నేను చదువుకున్న రోజుల్లో కూడా అంత శ్రద్ధగా పాఠం చెప్పలేదు. ముందు కాలేజీ కోడు బట్టీ పట్టించారు. వెబ్ ఆప్షన్లు పెట్టేటప్పుడు పిల్లాడికి కాలేజీ పేరు గుర్తు లేకపోయినా పర్లేదు, నాలుగక్షరాల కోడు గుర్తుండాలి, అదీ మొదటి ఆప్షన్‌గా ఉండాలి. వీలైతే ఆ ఆప్షన్లు మనమే పెట్టిపెడతామని చెప్పాలట, ఓటీపీ ఒక్కటి అడిగితే చాలట. ఈ పద్ధతి బ్యాంకు మోసాల వాళ్ళది కదా అని ఒకడు అడిగాడు. అతని మైకు మ్యూట్ అయింది. ప్లేస్‌మెంట్ల గురించి అడిగితే అంకె చెప్పకూడదు, ఫొటో చూపించాలి. ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్ష ఎప్‌సెట్‌లో 160కి 40 దాటితే ర్యాంకు వచ్చినట్టే కాబట్టి ఏ పిల్లాణ్ణీ చిన్నచూపు చూడకూడదు, లక్ష దాటిన ర్యాంకుని ‘మంచి ర్యాంకు’ అనాలి.

కరపత్రం గురించి ఒక మాట చెప్పాలి. అందులో మా పూర్వ విద్యార్థుల ఫొటోలు పన్నెండున్నాయి. గూగుల్‌లో పనిచేసే అమ్మాయి ఫొటో అన్నిటికన్నా పెద్దది, ఆ ఫొటోనే పక్క మండలంలోని ఇంకో కాలేజీ ఫ్లెక్సీ మీద కూడా ఉంది. విచారిస్తే తేలిందేమంటే ఆ అమ్మాయి మా దగ్గర రెండో ఏడాదిలో వాళ్ళ దగ్గరికి మారిపోయిందట. అంటే ఇద్దరికీ హక్కుంది, సగం సగం. నా ఫొటో ఐదోది. ఒక అమెరికన్ బ్యాంకు బ్యాక్ ఆఫీసులో, వాళ్ళు రాత్రి చేసిన తప్పులు పొద్దున్నే వెతికిపెట్టడం నా పని. కింద ‘గ్లోబల్ బ్యాంకింగ్ టెక్నాలజీ లీడర్’ అని వేశారు. ఆ కరపత్రం మా ఆవిడకి చూపించాను. ఎవరీయన అంది.

మే నెలలో సొంతూరు వెళ్ళాను. మా వీధిలో ఇంటర్ అయిన పిల్లలు ముగ్గురున్నారని, టార్గెట్ అక్కడే అయిపోతుందని లెక్కేసుకున్నాను. ఇద్దరి తలుపులు తట్టేసరికి వాళ్ళకి అప్పటికే వేరే కాలేజీల బ్యాగులు వచ్చి ఉన్నాయి. ఒక ఇంట్లో గోడ గడియారం కూడా ఉంది, కాలేజీ బొమ్మతో సహా. మూడో ఇల్లు మా చిన్నప్పటి నుంచి తెలిసినవాళ్ళది. పత్తి వేస్తారు, రెండెకరాలు సొంతం, మూడు కౌలు. ఆయన నన్ను మంచం మీద కూర్చోబెట్టి, తను గడప మీద కూర్చున్నాడు. నేను గొంతు సవరించుకుని శిక్షణలో చెప్పినదంతా అప్పజెప్పాను, కోడు రెండుసార్లు చెప్పాను.

ఆయన అంతా విని, ‘సర్కారు పైసలు లేటయితే సర్టిఫికెట్లు ఆపుతరంట గద బిడ్డా?’ అన్నాడు.

దీనికి శిక్షణలో జవాబు లేదు. బీసీ పిల్లలకి పదివేల లోపు ర్యాంకు వస్తే మొత్తం ఫీజు, దాటితే ఏడాదికి 35 వేల దాకా ప్రభుత్వమే ఇస్తుందని మాత్రం చెప్పాను. ఇస్తుంది అనడంలో అబద్ధం లేదు. ఎప్పుడిస్తుంది అని ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.

‘మీ పాప కూడా ఇంటర్ అయిందంట. అక్కడ్నే చేర్పిస్తున్నవా?’

మా అమ్మాయికి పొరుగు రాష్ట్రంలో ఒక ప్రైవేటు యూనివర్సిటీలో ఏప్రిల్‌లోనే సీటు కట్టేశాం. మొదటి ఏడాది ఫీజు కోసం నా పీఎఫ్ కొంత తీశాను. ఈ సంగతి వ్యక్తిగతం కాబట్టి సంఘ కార్యక్రమంలో దాన్ని కలపడం భావ్యం కాదనిపించింది. ‘తనకి వేరే లైన్ ఇష్టం’ అన్నాను. లైన్ అదే. ఊరే వేరే.

పక్కనే నిలబడి ఉన్న పిల్లాడు, పద్దెనిమిదేళ్ళుంటాయేమో, కరపత్రంలో నా ఫొటోనీ నన్నూ మార్చి మార్చి చూస్తున్నాడు. ‘అన్నా, ల్యాబ్‌ల కంప్యూటర్లు ఒక్కొక్కరికి ఒకటి ఉంటదా?’ అని అడిగాడు. ఉంటుంది అన్నాను. నేను కంప్యూటర్ ల్యాబ్ చూసింది 2001లో. అప్పట్లో చెప్పులు బయట వదిలి వెళ్ళేవాళ్ళం, గుళ్ళోకి వెళ్ళినట్టు.

అప్పుడు ఆ పెద్దాయన అన్న మాట మాత్రం నేను నివేదికలో రాయలేదు. ‘మీ అమ్మ మా పెళ్ళికి బియ్యం పంపింది బిడ్డా. నువ్వు చెప్తున్నవ్ గదా, ఇంక వేరే ఎందుకు’ అన్నాడు. బ్యాగు అడగలేదు, గడియారం అడగలేదు. నివేదికలో ‘ఒక విద్యార్థి, పూర్తి సంతృప్తితో’ అని రాశాను. కమీషన్ తీసుకునే పీఆర్వోకి ఊరికొక ఏడాది పడుతుంది ఇలాంటి నమ్మకం సంపాదించడానికి. మాకైతే మా అమ్మలు ముందే సంపాదించి పెట్టి ఉన్నారు. కరస్పాండెంట్ గారి తెలివి ఎక్కడుందో నాకప్పుడు అర్థమైంది.

నాకు వచ్చింది ఒక్కరే కాబట్టి బహుమతి రాలేదు. ఐదుగుర్ని తెచ్చిన తూర్పు శాఖ కోశాధికారికి ఉత్తమ పూర్వ విద్యార్థి మెమెంటో ఇచ్చారు. ఆయన బావమరిది పీఆర్వో అని, ఆ ఐదుగురి మీద కమీషన్ కూడా వెళ్ళిందని మా శాఖలో గుసగుసలు ఉన్నాయి. నిర్ధారణ కాని విషయాలు నేను రాయను. రెండు శాఖలూ కలిసి మొత్తం టార్గెట్‌లో ఎంత సాధించాయో చెప్పను గానీ, కాలేజీ తెలంగాణ డిగ్రీ అడ్మిషన్ల వెబ్‌సైటు వైపు కూడా ఆశగా చూస్తోందని విన్నాను. డిగ్రీ కాలేజీ కూడా పెడతారట. ఆ వెబ్‌సైటుకి 2016లోనే దోస్త్ అని పేరు పెట్టేశారు. నిజానికి ఆ పేరు మా సంఘానికి ఉండాల్సింది.

కొత్తగా చేరిన పిల్లల్ని ‘భావి పూర్వ విద్యార్థులు’ అనే పథకం కింద మా వాట్సాప్ గ్రూపులో చేర్చాం. భావి పూర్వ అంటే ఏ కాలమని మా తెలుగు మేష్టారు బతికుంటే అడిగేవారు. మా ఊరి పిల్లాడు కూడా చేరాడు, మొదటి రోజు అందరికీ నమస్కారాలు పెట్టాడు. ఒకరిద్దరు చెయ్యెత్తి ఆశీర్వదించారు కూడా.

పోయిన నెల ఒక మంగళవారం రాత్రి అతను గ్రూపులో మెసేజీ పెట్టాడు. ‘సార్ నమస్తే. మా ల్యాబ్‌లో అరవై మందికి పద్నాలుగు సిస్టమ్‌లే పనిచేస్తున్నాయి. సీ ల్యాంగ్వేజ్ చెప్పే సార్ సంక్రాంతి నుంచి రావట్లేదు. మేం అడిగితే హాల్ టికెట్ ఆపుతామంటున్నారు. మీలో ఎవరైనా ప్రిన్సిపాల్ గారితో మాట్లాడతారా సార్.’ కింద ఒక ఫొటో. ముసుగులు కప్పిన కంప్యూటర్లు వరసగా.

గ్రూపులో మొత్తం నాలుగు వందల పన్నెండు మందిమి. సంయుక్త కార్యదర్శిగా లెక్కలు సరిగ్గా ఉండాలి కాబట్టి చూశాను, పదింటికల్లా ఒక్క జవాబు కూడా రాలేదు. అధ్యక్షుడు ‘టైపింగ్’ అని రెండుసార్లు వచ్చి, ఆగిపోయింది. తూర్పు శాఖ వాళ్ళు ఇది పడమటి శాఖ వాళ్ళు తెచ్చిన పిల్లాడు కదా అన్నట్టు మౌనం వహించారు. నాకు విడిగా ఒక మెసేజీ వచ్చింది. ‘మీ ఊరివాడే కదా, కొంచెం చెప్పండి, న్యాక్ వాళ్ళు మళ్ళీ వచ్చే ఏడాది.’ చెప్దామనే ఫోన్ చేతిలోకి తీసుకున్నాను. పిల్లాడికన్నా వాళ్ళ నాన్నకి చెప్పడం మేలనిపించింది. పదిన్నర అయింది, రైతులు పెందలాడే పడుకుంటారు కదా అని పెట్టేశాను.

పన్నెండు దాటి ఒక నిమిషానికి 1999 బ్యాచ్ సివిల్ ఆయన పుట్టినరోజు వచ్చింది. డల్లాస్ నుంచి ఎవరో మొదలుపెట్టారు. పద్నాలుగు సిస్టమ్‌ల ఫొటో నిమిషాల్లో పైకి, ఇంకా పైకి జరిగిపోయింది, ఎంత పైకంటే వేలు నొప్పి పుట్టేదాకా లాగితే గానీ కనపడదు. సంయుక్త కార్యదర్శిగా సభ్యుల పుట్టినరోజున పలకరించడం నా విధి. నేను కూడా ఒక కేకు పెట్టాను.